నేల చేబదులు, సముద్రం ఖాతా

ఏమండీ, మే నెలలో మధ్యాహ్నం రెండింటికి విశాఖ బీచిలో చెప్పులు విప్పి నడిచారా ఎప్పుడైనా? అబ్బే, దాన్ని నడక అనరు, గెంతు అంటారు. రోడ్డు దిగిన దగ్గర్నుంచి కెరటం తగిలేదాకా మనిషన్నవాడు నడవలేడు. పెద్దమనుషులూ, జరీ అంచు చీరల వాళ్ళూ, అత్తారింటికి వచ్చిన కొత్త అల్లుళ్ళూ, అందరిదీ ఒకటే గెంతు. తడి ఇసుక మీద కాలు పడ్డాక గానీ 'హమ్మయ్య' అన్న మాట బయటికి రాదు. ఇంకో నాలుగడుగులు వేస్తే నీళ్ళు. ప్రాణం లేచొస్తుంది.

ఆగండాగండి, అప్పుడే కెరటాల్లోకి పోకండి. ఒక్క ప్రశ్న. సూర్యుడు ఒక్కడే. ఎండా ఒక్కటే. పొద్దుట్నుంచీ ఇసుక మీద ఎంత కాసిందో పక్కన నీటి మీదా అంతే కాసింది. మరి పొడి ఇసుక పైపొర 55, 60 డిగ్రీల దాకా పోతే, సముద్రం 30 దగ్గరే ఎందుకు ఆగిపోయినట్టు? పోనీ, తెల్లవారుజామున నాలుగింటికి మళ్ళీ రండి. ఇప్పుడు ఇసుక చల్లగా ఉంటుంది, నీళ్ళు గోరువెచ్చగా ఉంటాయి! రాత్రికి రాత్రి లెక్క తిరగబడిపోయింది.

నాకీ సంగతంటే వల్లమాలిన ఇష్టం. ఎంత ఇష్టమంటే, ఎవరైనా 'అబ్బ, గాలి చల్లగా వస్తోందండీ' అన్నారా, ఇక వాళ్ళని వదలను. మీరిప్పుడు దొరికారు. కూర్చోండి.

ముందు చిన్న పాఠం. మొహం అలా పెట్టకండి, రెండు నిమిషాల్లో అయిపోతుంది. కిలో నీళ్ళకీ కిలో పొడి ఇసుకకీ సరిగ్గా ఒకే వేడి పెట్టారనుకోండి. నీళ్ళు ఒక్క డిగ్రీ ఎక్కేసరికి ఇసుక సుమారు ఐదు డిగ్రీలు ఎక్కి కూర్చుంటుంది. గ్రాము నీటిని ఒక డిగ్రీ పెంచాలంటే ఒక కేలరీ కావాలి. ఇసుకకి అందులో ఐదో వంతు చాలు. అది మొదటి కారణం.

రెండోది, ఎండ ఇసుకలోకి దిగదు. పైపొర దగ్గరే ఆగిపోతుంది, ఆ పైపొరే మొత్తం వేడిని భరించాలి. నీళ్ళలోకైతే వెలుగు దిగుతుంది, స్వచ్ఛమైన సముద్రంలో పదుల మీటర్ల లోతుకి కూడా పోతుంది. మూడోది, నీళ్ళు ఊరుకోవు. కెరటాలు, గాలి, ప్రవాహాలు కలిసి పైనున్న వెచ్చదనాన్ని కిందికీ కిందున్న చల్లదనాన్ని పైకీ కలియబెడుతూనే ఉంటాయి. ఇసుక రేణువు పాపం ఉన్నచోటే ఉంటుంది. నాలుగోది ఆవిరి. ఒక్క గ్రాము నీరు సముద్రం మీంచి ఆవిరై పోవాలంటే సుమారు 580 కేలరీలు పట్టుకుపోవాలి. అంటే వచ్చిన ఎండలో పెద్ద వాటా నీటిని వేడెక్కించే పనికి అసలు మిగలదు.

అయిపోయింది పాఠం. ఇంతోటి దానికి అంత మొహం పెట్టారు!

టూకీగా చెప్పమంటే ఇలా చెబుతాను. నేలది చేబదులు వ్యవహారం. పొద్దున పుచ్చుకుంటుంది, తెల్లారేలోగా తీర్చేస్తుంది. సముద్రానిది ఖాతా. నెలల తరబడి జమ వేసుకుంటుంది, నెలల తరబడి తీరుస్తుంది. ఒక పక్క చేబదులు, ఇంకో పక్క ఖాతా, మధ్యలో మనం. మన గాలులూ మన వానలూ ఆ రెండు లెక్కలూ సరిపడక పుట్టినవే.

అన్నట్టు ఆ ఇసుక దగ్గరే ఇంకో తమాషా ఉంది, మర్చిపోయేను. కాళ్ళు కాలే ఆ ఇసుకనే ఒక్క జానెడు లోతు తవ్వి చూడండి. చల్లగా ఉంటుంది! రేణువుల మధ్య గాలి ఉండడంతో పొడి ఇసుక వేడిని కిందికి పోనివ్వదు. పైన నిప్పులు, కింద నీడ. పెన్న ఒడ్డు వాళ్ళని అడగండి, వాళ్ళకిది పుట్టుకతో తెలుసు. ఎండాకాలంలో ఏరు ఎండిపోయి ఇసుక మిగిలితే అందులో చెలమ తవ్వేవాళ్ళు. పైన అడుగు పెట్టలేని ఇసుక. మోచేతి లోతున నీటి ఊట. ఆ నీళ్ళు తాగినవాళ్ళు ఫ్రిజ్ నీళ్ళకి విలువ ఇవ్వరు, ఇవ్వక్కర్లేదు కూడా.

భీమిలి వైపు వెళ్తే ఇసుకలో నల్లటి చారలు కనిపిస్తాయి. ఇల్మనైట్ లాంటి బరువు ఖనిజాలవి. నలుపు కదా, ఎండని ఇంకా ఎక్కువ తాగుతుంది. తెల్ల ఇసుక మీంచి ఆ చార మీదికి కాలు వేసిన మనిషి మొహం చూడాలి మీరు!

సరే, గాలి దగ్గరికి వద్దాం. పొద్దెక్కేకొద్దీ నేల కాగుతుంది. దాని మీది గాలీ కాగి, తేలికై పైకి లేస్తుంది. నేల మీద ఒత్తిడి కాస్త తగ్గుతుంది. సముద్రం మీది గాలి ఇంకా చల్లగా, బరువుగా ఉంది కదా, ఆ ఖాళీలోకి జరుగుతుంది. పదీ పదకొండు గంటలకి ఒడ్డున ఆకులు కదులుతాయి. మధ్యాహ్నానికి అది మంచి జోరు మీద ఉంటుంది. కాకినాడలో, బందరులో, విశాఖలో వేసవి గడిపినవాళ్ళకి ఆ క్షణం తెలుసు. చెమటతో ఒళ్ళు జిడ్డోడుతూ ఉంటుంది. ఉన్నట్టుండి తూర్పు కిటికీ రెక్క టప్పున కొట్టుకుంటుంది. 'వచ్చిందే!' అని ఇంట్లో ఎవరో ఒకరు అంటారు. ఎవరొచ్చారని చుట్టాలు వీధి గుమ్మం వైపు చూస్తారు. వచ్చింది సముద్రపు గాలి! కొద్ది నిమిషాల్లో నాలుగైదు డిగ్రీలు పడిపోవడమూ ఉంది.

అది రాని రోజుల మాట కూడా చెప్పాలి. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయి అన్నారు పెద్దలు. ఆ రోజుల్లో దక్కను మీంచి పడమటి గాలి దిగుతుంది. పొడిది, వేడిది, మహా మొండిది. సముద్రపు గాలి ఒడ్డుకి వస్తానంటుంది, పడమటి గాలి రానివ్వనంటుంది. రెండింటి మధ్య కోస్తా జనం. పన్నెండింటికి రావలసిన చల్లగాలి మూడింటికి వస్తుంది. ఒక్కోరోజు అసలు రాదు. ఒంగోలులోనో, బందరులోనో సముద్రం పక్కనే ఉండి కూడా వడగాడ్పు కొట్టేది ఇలాంటి రోజుల్లోనే. ఆకాశం తేటగా ఉండి, పదకొండయినా పడమటి కిటికీలోంచే గాలి వస్తోందంటే ఇక పెద్దవాళ్ళని బయటికి పంపకండి. మజ్జిగ కలపండి.

మరి రెంటచింతల వాళ్ళ మాటేమిటి, రామగుండం వాళ్ళ మాటేమిటి అంటారా? అక్కడికే వస్తున్నాను. సముద్రపు గాలి మామూలుగా ఒడ్డు నుంచి యాభై కిలోమీటర్ల దాకానో, మంచి ఊపుంటే ఇంకాస్త దూరమో నడుస్తుంది. రెంటచింతల నూరు కిలోమీటర్ల పైమాటే, పైగా చుట్టూ పల్నాటి రాతినేల. రామగుండానికి ఆ గాలి కబురే చేరదు. మేలో రామగుండం పగటి ఉష్ణోగ్రత సగటు మీద 42 దగ్గరుంటే, విశాఖ తీరంలో 34 దరిదాపుల్లో ఉంటుంది. మధ్యలో ఎనిమిది డిగ్రీల తేడా! అందుకే విశాఖ వాళ్ళు 'మాకూ ఎండలు మండిపోతున్నాయండీ' అని ఫోనులో గోల పెడితే, రామగుండం చుట్టాలకి ఒళ్ళు మండుతుంది. అయితే విశాఖ వాళ్ళ పక్షాన కూడా ఒక మాట చెప్పాలి. గాలితో పాటు సముద్రం తేమనీ పంపిస్తుంది. ఆ ఉక్కపోతలో తుడుచుకున్న చెమట ఆరదు. ఎవరి కష్టం వాళ్ళది, దెబ్బలాడుకోకండి.

చలికాలంలో చూడండి, నేల చేబదులు ఇంకా బాగా బయటపడుతుంది. జనవరిలో ఆదిలాబాద్‌లో పగలు 30కి దగ్గరగా పోతుంది, తెల్లవారుజాముకి 12, 13కి దిగుతుంది. కొన్నేళ్ళలో ఆ జిల్లాలో 5 డిగ్రీల లోపుకీ పడిపోతుంది. పొద్దున తీసుకున్న వేడిని రాత్రి నిర్మలమైన ఆకాశంలోకి చెల్లు వేసేసిందన్న మాట. విశాఖలో రాత్రీ పగలూ తేడా పది డిగ్రీల లోపే. పక్కనే అంత పెద్ద ఖాతాదారు ఉన్నాడు మరి.

ఇప్పుడు రాత్రి గాలి. జాలరి పేటల్లో పెద్దవాళ్ళు కనిపిస్తే తెరచాపల నాటి కబుర్లు చెప్పించుకోండి. రాత్రి పొద్దుపోయాక నేల సముద్రం కంటే చల్లబడుతుంది. గాలి తిరగబడి ఒడ్డు నుంచి నీళ్ళ మీదికి వీస్తుంది. పగటి గాలంత బలం దీనికి ఉండదు. అయినా తెల్లవారుజామున తెప్పని లోపలికి తోసిపెట్టడానికి అది చాలు. మధ్యాహ్నం సముద్రపు గాలి లేస్తుంది, తెరచాప ఎత్తితే తెప్ప ఒడ్డుకి వస్తుంది. పోవడానికి ఒక గాలి, రావడానికి ఒక గాలి. చమురు ఖర్చు లేదు, టిక్కెట్టు లేదు! ఇంజను బోట్లు రాకముందు వేట మొత్తం ఈ రెండు గాలుల మీదే నడిచింది. ఒకే ఎండకి నేలా నీరూ వేరువేరుగా కాగడం వల్లే మన ఇంట్లోకి వంజరం ముక్కలు వచ్చాయి. ఈసారి చేపల పులుసు తినేటప్పుడు కాస్త ఆలోచించండి.

కార్తీక స్నానం సంగతి మర్చిపోతానా? తెల్లవారకుండా గోదావరి రేవులో దిగేవాళ్ళని చూసి 'అమ్మో, ఆ చలిలో ఎలా మునుగుతారో' అని ఒడ్డున శాలువా కప్పుకున్నవాళ్ళు వణికిపోతారు. వణకవలసింది వాళ్ళే! మెట్ల మీది గాలి కంటే నీళ్ళే వెచ్చగా ఉంటాయి. మొదటి మునకకి ఒళ్ళు ఝల్లుమంటుంది, తర్వాత బయటికి రాబుద్ధి కాదు. అసలు చలి బయటికొచ్చాకే. ఒంటి మీది తడి ఆవిరవుతూ మన వేడిని పట్టుకుపోతుంది. అందుకే తుండుగుడ్డ దగ్గర పెట్టుకుని మునగాలి, రేవు అవతల బండి మీద పెట్టి కాదు.

నూతి నీళ్ళదీ అదే వరస. పుష్య మాసంలో బావి నీళ్ళు తోడితే పొగలు కక్కుతాయి. మేలో తోడితే చల్లగా ప్రాణం లేచొస్తుంది. నీళ్ళు మారాయా? లేదండీ. రోజువారీ వేడి నేలలోకి అర మీటరు కూడా సరిగ్గా దిగదు. ఇంకా కిందికి పోతే ఏడాది పొడుగునా ఇంచుమించు ఒకే వెచ్చదనం ఉంటుంది. మారింది మన ఒళ్ళూ, మన చుట్టూ ఉన్న గాలీ. తెలంగాణలో యాసంగి నారుమడి పోసే రైతులు ఈ కిటుకునే వాడుకుంటారు. చలి ముదిరితే వరి నారు ఎదగదు, ఎర్రబడుతుంది. రాత్రి చల్లబడ్డ నీటిని మడిలోంచి తీసేసి, పొద్దున్నే బోరు నీళ్ళు కొత్తగా పెడతారు. భూమి లోపల్నుంచి వచ్చిన ఆ వెచ్చదనం నారుకి కాళ్ళు కాపడం పెట్టినట్టే పనిచేస్తుంది.

పెద్ద కబురు ఇంకా చెప్పనేలేదు. ఒడ్డున రోజూ జరిగే ఈ తంతునే దేశమంత పెద్దది చేయండి, రోజు బదులు ఏడాది పెట్టండి. ఏమొస్తుంది? రుతుపవనం! ఏప్రిల్, మే నెలల్లో ఉపఖండం అంతా కాగిపోతుంది. హిందూ మహాసముద్రం ఇంకా నిదానంగానే ఉంటుంది. జూన్‌కి తేమ నిండిన గాలి నేల వైపు కదులుతుంది. ఈ మాట 1686లోనే ఎడ్మండ్ హేలీ రాశాడు. తోకచుక్కకి పేరు పెట్టారే, ఆ హేలీయే. తోకచుక్క పేరు చెబితే అందరూ తలూపుతారు, మన వానల గురించి రాశాడంటే మాత్రం 'అవునా!' అంటారు. ఇదేం న్యాయం?

హేలీ తర్వాత కథ చాలా పెరిగింది. భూమి తిరగడం వల్ల గాలి పక్కకి మళ్ళుతుంది, అందుకే అది నైరుతి దిక్కు నుంచి వస్తుంది. సూర్యుడి వెంట ఉత్తరానికి జరిగే వానల పట్టీ ఉంది. ఎత్తయిన టిబెట్ పీఠభూమి, గోడ కట్టినట్టున్న హిమాలయాలు ఉన్నాయి. మేఘంలో ఆవిరి మళ్ళీ నీరయ్యేటప్పుడు, సముద్రం మీద పట్టుకొచ్చిన ఆ 580 కేలరీలని అక్కడ వదిలిపెట్టి గాలిని ఇంకా పైకి తోస్తుంది. అయినా మొదటి అడుగు మాత్రం నేలా నీరూ వేడెక్కడంలో తేడాదే.

అక్టోబరు వచ్చేసరికి నేల చల్లబడుతుంది, గాలి దిక్కు మారుతుంది. బంగాళాఖాతం మీంచి ఈశాన్యపు గాలి తేమని మోసుకొచ్చి దక్షిణ కోస్తా మీద పోస్తుంది. జూన్‌లో హైదరాబాదు వాళ్ళు వానలో పకోడీలు వేయించుకుంటుంటే నెల్లూరు వాళ్ళు ఆకాశం వైపు ఊరికే చూస్తారు. వాళ్ళ వంతు అక్టోబరు నుంచి డిసెంబరు. అప్పుడు వాళ్ళు ఫోను చేసి పకోడీల సంగతి చెబుతారు, విని తీరాలి.

సముద్రం ఖాతాకి ఇంకో ముఖం ఉంది, దాన్ని దాటవేయలేను. మనం దుప్పట్లు తీసే నవంబరులో కూడా బంగాళాఖాతం 28 డిగ్రీల దగ్గర వెచ్చగా ఉంటుంది. తుపాను బలపడడానికి సాధారణంగా 26.5 డిగ్రీలు దాటిన నీళ్ళు కావాలి. గంగ, బ్రహ్మపుత్ర, మన గోదావరి తెచ్చిన మంచినీరు ఉప్పునీటి మీద తేలి, పైపొర కిందిదానితో కలవకుండా అడ్డుపడుతుంది. కలవకపోతే పైన వెచ్చదనం అలాగే నిలిచిపోతుంది. దివిసీమని ముంచిన తుపాను 1977 నవంబరు 19న వచ్చింది. హుద్‌హుద్ తుపాను విశాఖని తాకింది 2014 అక్టోబరు 12న. ఎండాకాలంలో జమ అయిన వేడికి సముద్రం ఎప్పుడు లెక్క చెబుతుందో తెలుసుకోవడం మనకి ప్రాణావసరం.

ఇక అమెరికా కబురు లేకుండా మన కబుర్లు ముగుస్తాయా? జులైలో పిల్లల దగ్గరికి కాలిఫోర్నియా వెళ్ళే అమ్మానాన్నలకి ఒక మాట. పిల్లలు ఉండేది డబ్లిన్‌లోనో లివర్‌మోర్‌లోనో అయితే పగలు 30 దాటి కాస్తుంది. 'మన ఊరిలాగే ఉంది' అని నేత చీరలో శాన్‌ఫ్రాన్సిస్కో చూడడానికి బయల్దేరుతారు. గంట ప్రయాణం. అక్కడ దిగితే 18, 19 డిగ్రీలు, చెవుల్లోకి దూరే గాలి, వంతెనని మింగేసిన పొగమంచు! ఆ తీరం వెంట లోతుల్లోంచి చన్నీళ్ళు పైకి పొంగుతుంటాయి. లోపలి లోయలు కాగేకొద్దీ ఆ చల్లగాలిని ఇంకా గట్టిగా లాక్కుంటాయి. లోపల ఎండ పెరిగితే ఒడ్డున చలి. ఆ ఊళ్ళో అన్నిటికంటే వెచ్చటి నెల సెప్టెంబరు. స్వెట్టరు పట్టుకెళ్ళండమ్మా, అబ్బాయి కారులో మర్చిపోకండి.

చివరగా ఒకటి. దీన్ని మాత్రం మీ పిల్లల మీద ప్రయోగించాలి. 'భూమి సూర్యుడికి బాగా దగ్గరగా వచ్చేది ఎప్పుడురా?' అని అడగండి. వాడు మే అంటాడు, జూన్ అంటాడు. జనవరి మొదట్లో! అప్పుడు దూరం 14.7 కోట్ల కిలోమీటర్లు. జులై మొదట్లో 15.2 కోట్లు. 'అయితే మొత్తం భూగోళం సగటున ఎప్పుడు వేడిగా ఉంటుంది?' అనండి. 'జనవరి' అంటాడు, పాపం, దగ్గరగా ఉంది కదా అని. జులైలోనండీ! సూర్యుడికి దూరంగా ఉన్నప్పుడే భూమి మొత్తం మీద సుమారు నాలుగు డిగ్రీలు ఎక్కువ వేడిగా ఉంటుంది. నేలలో ఎక్కువ భాగం ఉత్తరార్ధగోళంలోనే ఉంది. ఆ సగానికి ఎండాకాలం రాగానే నేల చకచకా కాగిపోతుంది. దక్షిణార్ధంలో అయిదింట నాలుగు వంతులు నీరే. ఎండ ఎంత దగ్గర్నుంచి కాసినా సముద్రం ఖాతాలో రాసుకుని ఊరుకుంటుంది.

ఈ ప్రశ్న మీద పందెం కాయండి. మీ బావమరిదితో కాయండి, ఆఫీసులో కాయండి, రైల్లో ఎదురు సీటాయనతో కాయండి. గెలుపు మీదే. గెలిచిన దాంట్లో నా వాటా మాత్రం చేబదులు పద్ధతిలో ఇచ్చెయ్యాలి సుమండీ, తెల్లారేలోగా!